పస్తున్న రంపాలు

మా ఇంట్లో కుట్టించుకున్న బట్టలకు పెట్రోలు వాసన వస్తుందని వీధిలో ఒక మాట ఉంది. అది అబద్ధమైతే నేను ఊరుకునే రకాన్ని కాను. అన్నవాళ్ళ గుమ్మం ముందు నిలబడి నాలుగూ దులిపి వచ్చేదాన్ని. నిజం కాబట్టి నోరు మూసుకున్నాను. ముందుగదిలో నా కుట్టుమిషను, వెనకగదిలో మా వదిన రంపాలు. రెంటికీ మధ్య ఉన్నది ఒకే ఒక తలుపు. వానాకాలం వస్తే ఉబ్బిపోయి అదీ పూర్తిగా మూసుకోదు.

రంపాలంటే చేత్తో కోసేవి కావు, ఇంజను రంపాలు. తాడు పట్టి లాగితే గుర్రుమని లేచి, పళ్ళ గొలుసును గిరగిరా తిప్పుతూ మనిషి నడుమంత లావు మానును కూడా ఇట్టే కింద పడేస్తాయి. వాటితోపాటు గడ్డి కోసే మిషన్లు, నీళ్ళ పంపులు, మందు చల్లే యంత్రాలు, ఒక్కరు ఎత్తగలిగిన ఏ ఇంజను మొరాయించినా మా ఇంటికే తెస్తారు. అన్నయ్య బస్సు నడుపుతాడు కాబట్టి ఈ పనీ అతనిదే అనుకుని కొత్తవాళ్ళు అతన్ని పట్టుకుంటారు. అన్నయ్యకు స్టీరింగు తిప్పడం తప్ప ఇంజను మూత ఎటువైపు తెరుచుకుంటుందో కూడా తెలియదు. "లోపలుంది, పిలుస్తానుండండి" అని పక్కకు తప్పుకుంటాడు.

వదిన పెళ్ళయి మా ఇంటికి వచ్చిన రోజు తన చేత్తో మోసుకొచ్చింది పానాల సంచి. ఇంకెవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. వాళ్ళ నాన్నకు కలప అడితి ఉండేది. బొమ్మలతో ఆడుకోవలసిన వయసులో అక్కడ కార్బురేటర్లు విప్పి ఆడుకుందట.

వదినకు వినయం లేదు. ఉందని ఎవరైనా అన్నా నేను ఒప్పుకోను. "నా చేతిలో పడ్డాక లేవని ఇంజను లేదు" అని వచ్చినవాళ్ళ మొహం మీదే అంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇంత గొప్పలు పోయే మనిషితో ఒకే కప్పు కింద ఎలా వేగడం అనుకునేదాన్ని. ఒకసారి కరెంటు పోయి, కుట్టుపని ఆగిపోయి, తోచక వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపు చూశాక, ఈవిడ గొప్పలు తక్కువే పోతోందని నాకే అనిపించింది.

ముందు ఒక తెల్లగుడ్డ పరుస్తుంది. ఆ గుడ్డ నేను ఇచ్చిందే. విప్పిన ప్రతి మరనూ విప్పిన వరసలోనే దాని మీద పెడుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ వరసలోనే వెనక్కి వస్తుంది. పని పూర్తయ్యేసరికి గుడ్డ మీద ఏదీ మిగలదు. బజార్లో మెకానిక్కులైతే అంతా బిగించాక రెండు మరలు మిగిలితే జేబులో వేసుకుని "ఇవి ఎక్కువిచ్చాడు కంపెనీవాడు" అంటారు. గొలుసుకు పదును పెట్టేటప్పుడు ఒక పంటి మీద ఆకురాయి ఎన్నిసార్లు నడిపితే పక్క పంటి మీదా అన్నేసార్లు నడుపుతుంది. తేడా వస్తే రంపం కోస్తూ కోస్తూ ఒకవైపుకు పోతుందట. మాట్లాడుతూ, నన్ను ఆటపట్టిస్తూ కూడా ఆ లెక్క తప్పదు. నేను కాజాలు కుట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే కసురుకుంటాను.

అన్నిటికంటే నాకు నచ్చేది, పని కాలం అయిపోయాక ఆమె రంపాలను దాచిపెట్టే తీరు. మిగతావాళ్ళు ఏం చేస్తారు? పని అయిపోగానే ఓ మూలన పడేసి చేతులు దులుపుకుంటారు. లోపల మిగిలిన పెట్రోలు నెలల తరబడి మగ్గి, జిగురు కట్టి, సన్న దారులన్నీ పూడుకుపోతాయి. వదిన అలా కాదు. టాంకు ఒంపేస్తుంది. ఒంపాక కూడా తాడు లాగి ఇంజను లేపుతుంది. గొట్టంలో, కార్బురేటర్లో అడుగూ బొడుగూ ఉన్నది కాలిపోయి, దానంతట అదే ఆగిపోయేదాకా కదలదు. ఆగిపోయాక ప్లగ్గు తీసి, ఆ కన్నంలో నాలుగు చుక్కల నూనె వేసి, తాడు మెల్లగా లాగి లోపలంతా పారేలా చేస్తుంది. గొలుసు ఊడదీసి నూనెలో ముంచుతుంది. గాడిలో ఇరుక్కున్న పొట్టును పుల్లతో గీకుతుంది. ప్లాస్టిక్కులో చుడితే చెమ్మ పట్టి తుప్పు వస్తుందని పాత నూలుగుడ్డలో చుట్టి అలమర మీద పడుకోబెడుతుంది. ఈ మొత్తానికి వదిన పెట్టుకున్న పేరు "పస్తు పెట్టడం".

ఆ మాట మా అమ్మకు గిట్టేది కాదు.

నాన్న పోయాక మా చిన్నతనంలో, ఉన్నదంతా నాకూ అన్నయ్యకూ పెట్టి "నేను ముందే తినేశాను" అని మంచినీళ్ళు తాగి పడుకున్న మనిషి మా అమ్మ. అది అబద్ధమని మాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. తెలిశాక అడిగితే "చాల్లే, ఎప్పటి సంగతో" అని కొట్టిపారేసింది. ఇప్పుడు మా ఇంటికి పోస్టుమాను వచ్చినా, కరెంటు మీటరు చూసే అబ్బాయి వచ్చినా, కడుపులో ఏదో ఒకటి పడందే గుమ్మం దాటనివ్వదు. అలాంటి మనిషితో కోడలు గట్టిగా "అత్తయ్యా, ఇవాళ మూడింటిని పస్తు పెట్టేశాను" అని చెబితే ఎలా ఉంటుంది?

"ఇంట్లో ఆ మాటేంటమ్మా? ఇంకో మాట దొరకలేదా నీకు?" అనేది అమ్మ.

"మిషన్లకేం తెలుస్తుంది అత్తయ్యా. వాటికి పస్తే ఆరోగ్యం" అని నవ్వేసేది వదిన.

ఇద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టేవాళ్ళే. ఈ ఒక్క మాట దగ్గరే రోజూ కొంచెం రాపిడి.

ఆ వానాకాలానికి ముందు పార్కుల ఆఫీసు నుంచి ఆరు రంపాలు మా ఇంటికి వచ్చాయి. ఊళ్ళో రోడ్డు పక్క చెట్లూ, పార్కుల్లో చెట్లూ ఆ ఆఫీసు అజమాయిషీలోనే ఉంటాయి. పై అధికారిని అందరూ గొడుగు సారు అంటారు. ఎండా వానా లేకపోయినా గొడుగు ఆయన చేతిలోనే ఉంటుంది. ఎవరినైనా మందలించాలంటే దాని మొనతో నేల మీద పొడుస్తూ మందలిస్తాడు.

"చూడమ్మా, వానలు పోయి గాలులు మొదలయ్యే రోజున నేనే వస్తాను. ఆరూ నా కళ్ళముందు లేచాయా, ఇకనుంచి ఆఫీసు మిషన్లన్నీ ఏడాది పొడుగునా నీవే. వీధి చివర మా పాత పంపు షెడ్డు ఖాళీగా పడుంది, దాని తాళం కూడా నీకే. లేవలేదా, ఇంక మళ్ళీ ఆ ఊసెత్తకు" అన్నాడు.

ఆ షెడ్డుకు రెండు కిటికీలున్నాయి. గోడ పొడుగునా నడుమెత్తు సిమెంటు అరుగు ఉంది. వెనకగదిలో పొగ తిరుగుతుందని వదిన ఇన్నేళ్ళూ వానలో కూడా పెరటి గడప మీద కూర్చునే పని చేసింది. బజారుకు వెళ్ళినప్పుడల్లా దారి మళ్ళించుకుని మరీ ఆ షెడ్డు కిటికీలోంచి తొంగిచూసి వచ్చేది. మొదట్లో అరుగు మీద ఏది ఎక్కడ పెడుతుందో నాకు చెప్పేది. తర్వాత తర్వాత షెడ్డు మాటే ఎత్తడం మానేసింది. గొప్పలు పోయే మనిషి ఒక సంగతి గురించి నోరు కట్టేసుకుందంటే దాని మీద ఎంత ఆశ పెట్టుకుందో నాకు అర్థమైంది.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తానని గొడుగు సారు కబురు పంపాడు. వదిన పొద్దున్నే కొత్త ప్లగ్గులు కొనడానికి బజారుకు వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే ఉడుత పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఉడుత అంటే పార్కుల ఆఫీసులో చెట్లెక్కి కొమ్మలు కొట్టే మనిషి. మీసం నెరిసింది గానీ చెట్టెక్కితే మాత్రం ఆ పేరు సార్థకం.

"బడి గేటుకి అడ్డంగా ఇంత కొమ్మ పడింది. పిల్లలంతా బయటే ఉన్నారు. ఒక్క రంపం ఇవ్వండి, గంటలో తెచ్చేస్తా" అన్నాడు ఆయాసపడుతూ.

అన్నయ్య అలమర మీంచి ఒకటి దింపి, గుడ్డ విప్పి, గొలుసు తగిలించి, టాంకు మూత తీసి చూశాడు. నిండా ఉంది. "మా ఆవిడ అన్నీ సిద్ధం చేసే పెట్టింది" అని చేతికిచ్చి పంపాడు.

వదిన బజారు నుంచి వచ్చి చెప్పులు విడిచేలోపే ఉడుత తిరిగొచ్చాడు. ఈసారి పరుగు లేదు.

"ఏమైందో తెలీదక్కా. మొదట బ్రహ్మాండంగా కోసింది. సగం కోశానో లేదో కీచుమని అరిచి ఆగిపోయింది. ఎంత లాగినా లేవట్లేదు. మిగతా కొమ్మ గొడ్డలితో కొట్టి వచ్చాను."

"ఏం చేశావు దాన్ని?" అన్నాను నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మా ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు బంగారంలా ఉందే!"

"నేనేం చేస్తానమ్మా? తాడు లాగాను, కోశాను."

వదిన రంపాన్ని గడప మీద పెట్టి తాడు ఒకసారి లాగింది. తాడు అడ్డూ ఆపూ లేకుండా చప్పగా వచ్చేసింది. లోపల పట్టు లేదన్నమాట. సైలెన్సరు విప్పి, ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూసింది. నన్నూ చూడమంది. నున్నగా మెరవాల్సిన పిస్టను మీద పైనుంచి కిందికి గీతలు పడి ఉన్నాయి, పిల్లి గోళ్ళతో రక్కినట్టు. తర్వాత టాంకులో మిగిలింది ఒక గాజుసీసాలోకి ఒంపి వెలుతురుకు పట్టుకుంది. వదిన వాడే నూనె ఆకుపచ్చది. అది కలిపిన పెట్రోలుకు లేత పచ్చరంగు రావాలి. సీసాలో ఉన్నది తేటగా ఉంది.

ఈ చిన్న ఇంజన్లకు కార్లలోలాగా లోపల విడిగా నూనె ఉండదు. పెట్రోల్లో కలిసి వెళ్ళే నూనే లోపలి లోహాన్ని తడుపుతుంది. నూనె లేని పెట్రోలు పోస్తే ఇంజను లేవకుండా ఉండదు, మామూలుకంటే హుషారుగానే లేస్తుంది. కాసేపటికి వేడెక్కి, గోడకు ఒరుసుకుని, పట్టేస్తుంది. ఇదంతా నాకు వదిన దగ్గర కూర్చుని తెలిసిందే.

"పస్తు పెట్టిన రంపంలోకి పెట్రోలెలా వచ్చింది?" అంటూ వదిన గదిలోకి వెళ్ళింది. అలమర మీద రెండో రంపం ఎత్తి ఊపింది. లోపల గుడగుడమంది. మూడోదీ అంతే. మిగిలిన ఐదూ నిండుగా ఉన్నాయి.

నేను ముందు అన్నయ్య మీద విరుచుకుపడ్డాను. "నేను ముట్టుకుంటే ఒట్టు" అన్నాడు. తర్వాత ఉడుత వైపు తిరిగాను. "నువ్వే నీ డబ్బాలోంచి పోసి ఇప్పుడు మా మీద పెడుతున్నావు" అన్నాను. మరి అలమర మీద ఉన్నవాటిలో ఎవరు పోశారని ఉడుత అడిగాడు. దానికి నేను ఇంకా గట్టిగా అరిచాను.

"వాళ్ళనేమీ అనకే. పోసింది నేను."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉన్న సంగతి కూడా మర్చిపోయినట్టుంది.

"నువ్వు మీ చెల్లెలి కాన్పుకి వెళ్ళినప్పుడు పోశానమ్మా" అంది వదినతో. "రోజూ ఆ గది ఊడ్చేటప్పుడు చూస్తాను కదా. మూటల్లో చుట్టుకుని, పస్తు పడుకుని... నా మనసొప్పలేదు. ఎవరి వస్తువులో మనింటికొచ్చి ఉన్నాయి. వాటిని ఆకలితో పెట్టామనిపించుకోవడం ఎందుకు?"

"ఏ డబ్బాలోంచి పోశారు అత్తయ్యా?"

"పచ్చగుడ్డ కట్టిన డబ్బా కాదులే. అందులో నువ్వేదో కలుపుతావు, నేను చూశాను. ఒకరి వస్తువుకి కల్తీది పోస్తానా? రెండో డబ్బాలో మంచిది ఉంటే అది పోశాను."

రెండో డబ్బాలోది నీళ్ళ పంపులకు వాడే ఉత్త పెట్రోలు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తెలియక ముక్కు చీదుకున్నాను.

వదిన వైపు చూశాను. ఆమె అరిస్తే నేను ఆమె పక్కే ఉండేదాన్ని, అమ్మ అయితే మాత్రం ఏం? షెడ్డు, కిటికీలు, సిమెంటు అరుగు అన్నీ ఆ తేట పెట్రోల్లో కొట్టుకుపోతున్నాయి. వదిన అమ్మ దగ్గరకు వెళ్ళి చేతిలోంచి గరిటె తీసుకుని నాకిచ్చింది.

"గొలుసు నూనె పోసే రెండో మూత ఉంటుంది. అందులో కూడా పోశారా?"

"ఆఁ. ఆ జిగురు నూనె. అదీ నిండా పోశాను."

"ఒలికిందా?"

"చుక్క ఒలకనివ్వలేదు."

"నేను పోస్తేనే ఒలుకుతుంది" అంది వదిన. "మరి తాడు లాగి చూశారా?"

"ఎందుకు లాగుతాను? పడుకున్నవాటిని లేపుతానా?"

వదిన గట్టిగా ఊపిరి వదిలింది. "లాగలేదు! అయితే టాంకులోంచి లోపలికి చుక్క పోలేదు. ఐదింటికీ ఏం కాలేదు. ఏవండీ, మీరూ అమ్మడూ కలిసి ఐదూ ఒంపేయండి. పచ్చగుడ్డ డబ్బాలోది కొంచెం పోసి తొలిచి, అదీ పారబోసి, మళ్ళీ నింపండి. పెరట్లో, పొయ్యికి దూరంగా. దీని సంగతి నేను చూస్తాను."

చచ్చిన ఇంజన్లను వదిన పారేయదు. మంచం కింద ఒక చెక్కపెట్టెలో ఉంటాయి. దాన్ని మేం శవాల పెట్టె అంటాం. ఆ కంపెనీదే, అదే సైజుది, లారీ కింద పడి చట్టం విరిగిన రంపం ఒకటి అందులో ఉంది. దాని పిస్టను మాత్రం చెక్కుచెదరలేదు. వదిన దాన్ని విప్పి తెల్లగుడ్డ మీద పెట్టింది. ఉడుత తెచ్చిన రంపం సిలిండరు ఊడదీసి, లోపలి గోడకు అంటుకున్న పిస్టను లోహాన్ని చూసింది. పుల్లకు దూది చుట్టి, బాత్రూము కడిగే ఆసిడ్‌లో తడిపి, ఆ మరకల మీద మాత్రం అద్దింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, తలుపు బార్లా తీసి చేసింది ఈ పని. అంటుకున్న చోట బుసబుసా పొంగింది. పొంగడం ఆగాక కడిగింది, మళ్ళీ అద్దింది, మళ్ళీ కడిగింది. చివరికి సన్న ఉప్పుకాగితం పెట్టి అడ్డంగా, మెత్తగా రుద్దింది. గోడ తిరిగి నున్నగా తేలింది. నేను ఖరీదైన పట్టుగుడ్డ మీద పడ్డ మరకను కూడా అంత జాగ్రత్తగా తీయలేదు. ఆమె చేతులు చూస్తూ చూస్తూ నేను ఒంపే పని మర్చిపోతే అన్నయ్య మోచేత్తో పొడిచాడు.

పొద్దున్నుంచీ వదిన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అమ్మ వంటింటి గుమ్మంలోనే కూర్చుంది. రెండుసార్లు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఎవరినైనా "తిన్నావా" అని అడగడానికి మా అమ్మ జంకడం అదే మొదటిసారి.

పిస్టను బిగించేటప్పుడు దాని సూదిని పట్టి ఉంచే చిన్న తీగ చుట్టు ఒకటి ఉంటుంది. చిన్నపిల్ల చెవిపోగులో సగం కూడా ఉండదు. వదిన దాన్ని గాడిలో నొక్కబోతుంటే టింగుమని ఎగిరి ఎటో పోయింది. అందరం నేల మీద పడ్డాం. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేల మీద పడ్డ గుండుసూదులు ఏరుకోవడానికి నా మిషను దగ్గర ఓ అయస్కాంతం ఉంటుంది. దాన్ని తాడుకు కట్టి గదంతా ఈడ్చాను. మూడు గుండుసూదులు, ఒక జాకెట్టు హుక్కు, వాటితోపాటు ఆ తీగ చుట్టు కూడా దొరికింది. "నువ్వు లేకపోతే ఏమైపోదునే!" అంది వదిన. ఆమె నన్ను అలా అనడం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే గడప మీద గొడుగు మొన చప్పుడైంది.

"ఏంటిది? నా రంపం పొట్ట చీల్చి కూర్చున్నావేం?" అన్నాడు గొడుగు సారు. తర్వాత ఆయన చూపు మూలన ఒదిగి నిలబడ్డ ఉడుత మీద పడింది. గాజుసీసా ఎత్తి చూశాడు. ఆయనకూ ఆ మాత్రం తెలుసు. "ఓహో! ఉత్త పెట్రోలు. ఇది నీ నిర్వాకమేనా? కిందటేడు కూడా ఇలాగే ఒకటి చంపావు. అప్పుడే చెప్పాను, ఇంకోసారి జరిగితే ఇంటికి పంపుతానని. పద ఆఫీసుకి."

ఉడుత తల వంచుకున్నాడు. నిజం అతనికీ తెలుసు, అయినా మా అమ్మ వైపు చెయ్యి చూపించలేదు.

అంతా ఆయనే తేల్చేశాడు. వదిన కాసేపు మాట్లాడకుండా ఉంటే చాలు, సాయంత్రానికి షెడ్డు తాళం మా ఇంట్లో ఉంటుంది. నేనైతే మాట్లాడకపోదును.

"ఉడుత తప్పేం లేదు సార్" అంది వదిన. "పెట్రోలు మా ఇంట్లో పోసిందే."

"మీ ఇంట్లోనా? ఎవరు పోశారు?"

"నా పొరపాటు."

"నూనె కలపడం నువ్వు మర్చిపోయావా? నువ్వా?"

తన చేతిలో పడ్డాక లేవని ఇంజనే లేదని ఊరంతా చాటుకున్న మనిషి తల ఎత్తి ఆయన మొహంలోకి చూస్తూ "నా వల్లే సార్" అంది. ఆ తలపొగరంటే నాకు ఒళ్ళు మండేదన్నాను కదా. తప్పు మీద వేసుకునేటప్పుడు కూడా అదే తలపొగరు. ఇంత గొప్ప మనిషి మా ఇంటి కోడలని నా గుండె ఉప్పొంగిపోయింది.

"దానికేం తెలీదు బాబూ" అంటూ అమ్మ లేచి వచ్చింది. "అది ఊళ్ళో లేనప్పుడు నేను పోశాను. ఆకలితో ఉన్నాయని పోశాను."

"ఆకలా?" అన్నాడు గొడుగు సారు.

"అత్తయ్య పోసింది నిజమే సార్. పోసేలా చేసింది నా మాట. ఆవిడ ముందు అనకూడని మాట ఒకటి రోజూ అన్నాను" అంది వదిన.

"రంగు చూడకుండా లాగింది నేను సార్" అన్నాడు ఉడుత, సందు దొరికిందే చాలన్నట్టు.

"తీసి చేతికిచ్చింది నేనండీ" అన్నాడు మా అన్నయ్య. అతనొక్కడూ ఎందుకు మిగలాలి?

గొడుగు సారు అందరినీ ఒకసారి చూశాడు. "నా సర్వీసులో పాడైన మిషను తెచ్చిన ప్రతివాడూ ‘నేనేం చెయ్యలేదు, దానంతటదే ఆగిపోయింది’ అన్నవాడే. తప్పు నాదంటే నాదని కొట్టుకునే ఇల్లు ఇప్పుడే చూస్తున్నా" అని, గొడుగు గోడకు ఆనించి అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. "కానీ. బిగించు చూద్దాం."

వదిన బిగించింది. ఆయన కూర్చున్న సంగతే మర్చిపోయినట్టు, ఒక్కో మరా వరసలో తీసుకుంటూ బిగించింది. పచ్చ పెట్రోలు పోసి తాడు లాగింది. మొదటిసారి దగ్గింది. రెండోసారి ఏమీ లేదు. మూడోసారి గుర్రుమని లేచి, ఇల్లంతా పొగ చేసి, నిలకడగా తిరిగింది. మిగిలిన ఐదూ ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. చివరిదానికైతే తాడు పూర్తిగా లాగనే అక్కర్లేకపోయింది.

గొడుగు సారు మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఆరింటినీ ఉడుత చేత బండికెక్కించి బయటికి నడిచాడు. వదిన కూలబడిపోయి చేతుల తొడుగులు తీసుకుంటోంది. నేను పార్కుల ఆఫీసును, దాని చెట్లతో సహా తిట్టడం మొదలుపెట్టాను. అంతలో ఆయన గొడుగు మర్చిపోయానంటూ వెనక్కి వచ్చాడు. గొడుగు తీసుకుని, జేబులోంచి ఏదో తీసి వదిన ముందున్న తెల్లగుడ్డ మీద పెట్టి వెళ్ళిపోయాడు. పని అయ్యాక ఆ గుడ్డ మీద ఏదీ మిగలదని చెప్పాను కదా. ఆ రోజు ఒక తాళంచెవి మిగిలింది.

గాలుల కాలం అంతా షెడ్డులో ఊపిరాడనంత పని. అది అయిపోయి, రంపాలను మళ్ళీ దాచిపెట్టే రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం అమ్మ భోజనాల డబ్బా పట్టుకుని, నన్ను తోడు తీసుకుని షెడ్డుకు వెళ్ళింది. వదిన మొదటి రంపం టాంకు ఒంపి అరుగు మీద పెట్టి ఉంది. మమ్మల్ని చూసి "రండి అత్తయ్యా, మీకోసమే ఆగాను" అని తాడు లాగింది.

ఇంజను తిరిగింది. కాసేపు ఒకే తీరుగా తిరిగి, ఉన్నట్టుండి గొంతు పెంచి గట్టిగా మోగి, ఒక్కసారిగా ఆగిపోయింది.

"అయ్యో, ఏమైంది?" అంది అమ్మ.

"ఏం కాలేదు. ఆఖరి చుక్కదాకా తినేసి పడుకుంది."

అమ్మ రంపాన్ని చూసింది, వదినను చూసింది. "అంటే పస్తు కాదన్నమాట."

"ఎప్పుడూ కాదు అత్తయ్యా. కంచం ఊడ్చుకుని తిన్నాకే పడుకుంటున్నాయి. నేనే ఆ మాట తప్పుగా అన్నాను."

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పొగ ఎక్కువగా ఉందంది. తర్వాత డబ్బా అరుగు మీద పెట్టి, "మరి నువ్వు తిన్నావా?" అని అడిగింది.

"ఇంకా లేదు. మీరు?"

"నేను ముందే తినే..." అని మొదలుపెట్టి అమ్మ ఆగిపోయింది. ఆ మాట ఆమె నోట్లోంచి ఎన్నేళ్ళుగా వస్తోందో నాకు తెలుసు. ఈసారి అది బయటికి రాలేదు.

"లేదు. నేనూ తినలేదు" అంది.

వదిన చేతులు కడుక్కుని వచ్చింది. ముగ్గురం ఆ సిమెంటు అరుగు మీదే కూర్చుని, పెట్రోలు వాసనలో, డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాం.